పద్యం పాతదే, అనువాదం ఏనాటిది?

ఉమర్ ఖయ్యాం 1131లో చనిపోయాడు. ఆయన రుబాయీలను తెలుగు చేసిన దువ్వూరి రామిరెడ్డి 1947లో పోయారు. అదే ఖయ్యాంను తెలుగులోకి తెచ్చిన రాయప్రోలు సుబ్బారావు 1984లో పోయారు. ఖయ్యాం పారసీ మూలాన్ని ఎవరైనా ఎక్కడైనా పెట్టుకోవచ్చు. దువ్వూరి ‘పానశాల’ మన దేశంలో 2008 జనవరి 1 నుంచి అందరిదీ. రాయప్రోలు ‘మధుకలశం’ మీద హక్కులు మాత్రం 2044 డిసెంబరు 31 దాకా ఉంటాయి. మూలకవి ఒక్కడే, వచ్చిన భాషా ఒక్కటే. అయినా ఒక అనువాదాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టడానికి ఎవరినీ అడగక్కర్లేదు, రెండోదానికి హక్కుదారుల అనుమతి కావాలి.

“ఎప్పటిదో కవిత్వం, ఇప్పుడెవరు అడుగుతారు” అనుకుని షేర్ చేసేవాళ్లంతా తడబడేది సరిగ్గా ఇక్కడే. చట్టానికి పద్యం వయసుతో పని లేదు. అది మన ఫోను దాకా ఎందరి చేతుల మీదుగా వచ్చింది, వాళ్లలో ఒక్కొక్కరు ఏ సంవత్సరంలో పోయారు అన్నదే లెక్క. ఆ లెక్క కష్టమైనదేమీ కాదు, మామూలు కూడికే.

60: అసలు గడువు

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. రచన మీద హక్కు రచయిత బతికున్నంత కాలమూ, పోయాక మరో 60 ఏళ్లూ ఉంటుందని సెక్షన్ 22 చెబుతుంది. ఆ 60 ఏళ్లను మరణించిన రోజు నుంచి కాకుండా మరుసటి సంవత్సరం జనవరి 1 నుంచి లెక్కిస్తారు. అందుకే హక్కులు ఎవరివైనా డిసెంబరు 31తోనే తీరతాయి. గుర్తుపెట్టుకోవడానికి ఒక సులువు ఉంది. మరణించిన సంవత్సరానికి 61 కలపండి. వచ్చిన సంవత్సరం జనవరి 1 నుంచి ఆ రచన అందరిదీ.

మన కవుల విషయంలో ఈ కూడిక ఇలా తేలుతుంది. గురజాడ 1915లోనే పోయారు, ఆయన రచనల మీద హక్కులు ఎన్నడో తీరిపోయాయి. ‘ఎంకి పాటలు’ రాసిన నండూరి సుబ్బారావు 1957లో పోయారు కాబట్టి ఆ పాటలు 2018 నుంచి అందరివీ. జాషువా మరణం 1971, ఆయన కావ్యాలకు 2032 రావాలి. విశ్వనాథ 1976లో పోయారు, 2037 దాకా ఆగాలి. కృష్ణశాస్త్రి మరణం 1980, ఆయనకు 2041. శ్రీశ్రీ 1983లో పోయారు, ఆయనకు 2044.

ఇందులో పుస్తకం అచ్చయిన సంవత్సరం ఎక్కడా రాలేదు. జాషువా ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. ఎనభై ఏళ్లు దాటిన పుస్తకమే అయినా 2031 చివరిదాకా దాని మీద హక్కులుంటాయి. పైగా రచనను ఇంకో భాషలోకి అనువదించే హక్కు కూడా రచయితదే అని సెక్షన్ 14 విడిగా చెబుతుంది. అంటే ‘గబ్బిలం’లోని పద్యాలను మీరే ఇంగ్లీషులోకి తెచ్చి ఆన్‌లైన్‌లో పెట్టాలన్నా అప్పటిదాకా అనుమతి తీసుకోవాల్సిందే. అనువాదం మీ సొంత కష్టమే కావచ్చు, మూలం మీది కాదు.

2: జంట కవులకు ఒకటే లెక్క

ఇద్దరు కలిసి రాసిన రచనకు ఆఖరున పోయినవారి మరణమే ప్రమాణం. అశ్వఘోషుడి సంస్కృత కావ్యాన్ని ఆధారం చేసుకుని ‘సౌందరనందం’ రాసిన పింగళి, కాటూరి జంటను చూడండి. కాటూరి వేంకటేశ్వరరావు 1962లో పోయారు, పింగళి లక్ష్మీకాంతం 1972లో. కాటూరి విడిగా రాసినవి 2023 నుంచి అందరివీ అయ్యాయి. ఇద్దరూ కలిసి రాసిన కావ్యానికి 2033 రావాలి. తిరుపతి వేంకట కవులదీ ఇదే పద్ధతి. తిరుపతి శాస్త్రి 1920లో పోయినా, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1950 దాకా ఉన్నారు కాబట్టి ఆ జంట రచనలు 2011లోనే అందరివీ అయ్యాయి.

ముగ్గురైనా ఇదే లెక్క. క్షేత్రయ్య 17వ శతాబ్దపు వాడు. ఆయనవీ, మరికొందరివీ పదాలను ఎ.కె.రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ ముగ్గురూ కలిసి ఇంగ్లీషులోకి తెచ్చిన పుస్తకం 1994లో వచ్చింది. రామానుజన్ అంతకు ముందు ఏడాదే పోయారు. అలాగని గడియారం 1993 నుంచి నడవదు, ముగ్గురిలో చివరివారి తర్వాతే మొదలవుతుంది. పదం ఎవరైనా పాడుకోవచ్చు, ఆ ఇంగ్లీషు పాఠాన్ని మాత్రం ఇష్టం వచ్చినట్టు ఎత్తి పెట్టుకోలేం.

పేరు లేకుండా, లేదా కలం పేరుతో వచ్చి అసలు రచయిత ఎవరో తెలియని రచనకు అచ్చయిన సంవత్సరం నుంచి 60 ఏళ్లు. రచయిత పోయాక మొదటిసారి అచ్చయినదానికీ అంతే. తాతగారి ట్రంకుపెట్టెలో దొరికిన అనువాదాన్ని ఈ ఏడాది పుస్తకంగా వేస్తే గడువు ఈ ఏడాది నుంచే లెక్క.

1941: పదేళ్లు పెరిగిన కథ

ఈ 60 మొదటి నుంచీ లేదు, 1957 చట్టంలో ఉన్నది 50. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941 ఆగస్టులో పోయారు. పాత లెక్కన 1991 చివరికి ఆయన రచనల మీద విశ్వభారతికి ఉన్న హక్కులు తీరిపోవాలి. ఇంకా మూడు రోజులుందనగా, 1991 డిసెంబరు 28న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి గడువును 60 చేసింది. మరుసటి ఏడాది అది చట్ట సవరణ అయింది. ఠాగూర్ కోసం జరిగిన మార్పు అప్పటికి గడువు తీరని రచయితలందరికీ వర్తించింది. 1940 జనవరిలో పోయిన గిడుగు రామమూర్తి రచనలు పాత లెక్కనే 1991లో అందరివీ అయ్యాయి. 1941లోనూ ఆ తర్వాతా పోయిన వాళ్లందరి హక్కులకూ పదేళ్లు కలిశాయి.

ఠాగూర్ మూలం 2002 నుంచి ఎవరైనా వాడుకోవచ్చు. కానీ తెలుగులో చాలామంది షేర్ చేసేది చలం ‘గీతాంజలి’. చలం 1979లో పోయారు, ఆ అనువాదానికి 2040 రావాలి. గాలిబ్ 1869లో పోయాడు, ఆయన్ను తెలుగువాళ్ల నాలుక మీదకు తెచ్చిన దాశరథి 1987లో పోయారు. ‘గాలిబ్ గీతాలు’ 2048లో గానీ అందరివీ కావు. ‘గాథాసప్తశతి’ శాతవాహనుల నాటి ప్రాకృత సంకలనం. దాని గాథలను తెలుగు పద్యాల్లోకి తెచ్చిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1979లో పోయారు, అదీ 2040. మరోవైపు వేమనను ఇంగ్లీషులోకి తెచ్చిన సి.పి.బ్రౌన్ పుస్తకం 1829లో అచ్చయింది, బ్రౌన్ 1884లో పోయాడు. అక్కడ మూలానికీ అనువాదానికీ రెండింటికీ ఏ అడ్డూ లేదు.

3: మధ్యలో ఇంకో భాష ఉంటే

రూమీ 1273లో పోయాడు. తెలుగులో ఇప్పుడు వస్తున్న రూమీ అనువాదాల్లో ఎక్కువ భాగం పారసీ నుంచి కాదు, ఇంగ్లీషు నుంచి. ఆ ఇంగ్లీషులోనూ జనం నోట ఎక్కువగా నానేది కోల్మన్ బార్క్స్ పాఠం. ఆ సంపుటాల్లో బాగా పేరున్నది 1995లో వచ్చింది. దాన్ని ముందు పెట్టుకుని తెలుగు చేస్తే చట్టం దృష్టిలో మీరు అనువదించింది రూమీని కాదు, బార్క్స్‌ను. అడగాల్సిందీ ఆ పుస్తకం హక్కుదారునే.

దీనికి దారి లేకపోలేదు. రూమీ ‘మస్నవీ’ని ఇంగ్లీషులోకి తెచ్చిన ఆర్.ఎ.నికల్సన్ 1945లో పోయాడు. మన లెక్కన ఆయన పాఠం 2006 నుంచి అందరిదీ. పారసీ రానివాళ్లు నికల్సన్ పాఠం మీద ఆధారపడితే ఏ పేచీ ఉండదు. నాలుగు అనువాదాలు పక్కన పెట్టుకుని చదివి, భావం పట్టుకుని, మీ మాటల్లో రాసుకున్నా ఇబ్బంది లేదు. కాపీరైట్ భావానికి ఉండదనీ, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుందనీ సుప్రీంకోర్టు ఆర్.జి.ఆనంద్ కేసులో 1978లోనే తేల్చింది. మూలంలో లేని పోలికను ఒక అనువాదకుడు తన ఊహతో కల్పిస్తే, అది మీ తెలుగులోనూ యథాతథంగా కనిపిస్తే, అప్పుడు దొరికిపోతారు.

యంత్రానువాదమూ దీనికి మినహాయింపు కాదు. హక్కులున్న ఇంగ్లీషు కవితను ఫోనులోని యాప్‌తో తెలుగు చేయించి పెట్టినా అది అనుమతి లేని అనువాదమే.

5: ఒక్క పోస్టులో ఎన్ని చేతులు

వాట్సాప్‌లో తిరిగే రుబాయీ పోస్టు ఒకటి తీసుకోండి. పైన బొమ్మ, మధ్యలో తెలుగు పద్యం, కింద ఇంగ్లీషు పాఠం, నొక్కితే ఎవరో చదివిన ఆడియో. ఇందులో మూలకవి ఖయ్యాం, హక్కుల ప్రశ్నే లేదు. ఇంగ్లీషు ఫిట్జెరాల్డ్‌ది, 1859లో వచ్చింది, ఆయన 1883లో పోయాడు, అదీ అందరిదే. తెలుగు దువ్వూరిదైతే సరే, రాయప్రోలుదైతే 2045 దాకా ఆగాలి. బొమ్మ 1909లో ఎడ్మండ్ డ్యులాక్ వేసినదైతే, ఆయన 1953లో పోయాడు కాబట్టి మన దగ్గర 2014 నుంచి ఇబ్బంది లేదు. అదే బాపు బొమ్మైతే ఆయన పోయింది 2014లో, కనుక 2075 రావాలి. ఇక ఆడియో. రికార్డింగు మీద హక్కు అది విడుదలైన ఏడాది నుంచి 60 ఏళ్లు. చదివిన గొంతుకు ప్రదర్శకుడి హక్కు వేరే ఉంటుంది, దాని గడువు 50.

పద్యం పాతదైనంత మాత్రాన పోస్టు పాతది అయిపోదు. ఐదు చేతుల్లో ఏ ఒక్కరి గడువు తీరకపోయినా ఆ ముక్క వరకు అనుమతి కావాలి, లేదా ఆ ముక్క తీసేయాలి.

పాత కావ్యాలకు కొత్త ముద్రణలు వేసినప్పుడూ ఇదే విభజన. పోతన పద్యం ఎవరైనా టైపు చేసి పెట్టుకోవచ్చు. దానికి 1990లో ఎవరో రాసిన తాత్పర్యం, పీఠిక, అధస్సూచికలు వాళ్లవి. మూల పద్యాన్ని కొత్తగా కంపోజు చేయించినందుకు, అచ్చుతప్పులు దిద్దినందుకు మాత్రం కొత్త హక్కు పుట్టదు. కేవలం శ్రమ, పెట్టుబడి పెడితే చాలదనీ, కొంతైనా సృజన ఉండాలనీ ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి పాత పుస్తకం స్కాన్ మొత్తాన్ని పెట్టేముందు పద్యాలెవరివి, వ్యాఖ్య ఎవరిది అని విడదీసి చూడాలి.

0: ఎన్ని పంక్తులు వాడుకోవచ్చు?

“నాలుగు పంక్తులైతే తప్పు లేదు”, “పది శాతం లోపు సరే” అన్న మాటలు తరచూ వినపడతాయి. చట్టంలో అలాంటి అంకె ఒక్కటీ లేదు. సెక్షన్ 52 చెప్పేది ప్రయోజనం గురించి. సొంత చదువుకు, పరిశోధనకు, విమర్శకు, సమీక్షకు న్యాయమైన మేరకు వాడుకోవచ్చు. దాశరథి గాలిబ్‌ను ఎలా తెలుగు చేశారో చర్చిస్తూ వ్యాసం రాసి, అందులో రెండు పద్యాలు ఉదహరిస్తే అది విమర్శ. రోజుకొకటి చొప్పున పుస్తకమంతా పెడితే, పైన “శుభోదయం” అని రాసినా రాయకపోయినా, అది పునర్ముద్రణే. ఈ సెక్షన్‌లో ఎన్ని భాగాలో అంకెతో చెప్పిన చోటు పాఠ్యసంకలనాల మినహాయింపు. అందులో కూడా ఒకే ప్రచురణకర్త ఒకే రచయిత రచనల నుంచి 5 ఏళ్లలో 2 భాగాలకు మించి వేయకూడదు.

95: అమెరికా లెక్క వేరు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ భారత్ లెక్కలు. బెర్న్ ఒప్పందం ప్రకారం దేశాలు కనీసం 50 ఏళ్లు ఇవ్వాలి, ఆపైన ఎవరి ఇష్టం వాళ్లది. పాకిస్థాన్ 50 దగ్గరే ఉంది. బ్రిటన్, ఐరోపా సమాఖ్య దేశాలు 70 ఇస్తున్నాయి, మెక్సికో 100.

అమెరికాలో 1978కి ముందు అచ్చయిన పుస్తకాలకు రచయిత మరణం కాదు, ప్రచురణ సంవత్సరం చూస్తారు. గడువు 95 ఏళ్లు. 2026 జనవరి 1 నాటికి 1930 వరకు అచ్చయినవి అక్కడ అందరివీ అయ్యాయి. 1996 జనవరి 1న సొంత దేశంలో హక్కులు బతికున్న విదేశీ రచనలకు కూడా అమెరికా ఆ గడువు వర్తింపజేసింది. దాంతో ‘గబ్బిలం’ ఇక్కడ 2032లో అందరిదీ అయినా అక్కడ 1941కి 95 కలిపి 2036 చివరిదాకా ఆగాలి. ఠాగూర్ మన దగ్గర 2002లోనే అందరివాడైనా, 1940లో అచ్చయిన ఆయన కవిత అమెరికాలో 2035 చివరిదాకా హక్కుల కిందే ఉంటుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి తెలుగు కవిత్వాన్ని ఇంగ్లీషు చేసి పెట్టేవాళ్లు, అక్కడి సర్వర్ల మీద నడిచే వికీసోర్స్‌లో పుస్తకాలు చేర్చేవాళ్లు రెండు లెక్కలూ చూసుకోవాలి.

36 గంటలు, 21 రోజులు, 50 వేలు

హక్కుదారు ఫిర్యాదు చేస్తే వెబ్‌సైటు 36 గంటల్లో ఆ పోస్టును అందకుండా చేయాలని 2013 నాటి కాపీరైట్ నిబంధనలు చెబుతున్నాయి. ఆ తర్వాత 21 రోజుల్లో ఫిర్యాదుదారు కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి పెట్టుకోనివ్వవచ్చు. తెలిసి చేసిన ఉల్లంఘనకు సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి. “నేనేం డబ్బు చేసుకోవడం లేదు కదా” అన్నంత మాత్రాన తప్పు ఒప్పు కాదు. లాభం కోసం చేయనప్పుడు, తగిన కారణాలు చూపి, న్యాయమూర్తి శిక్షను ఆ కనీస పరిమితి కంటే తగ్గించడానికి మాత్రం అది పనికొస్తుంది.

గడువే లేని హక్కు కూడా ఒకటుంది. తన పేరు తన రచన మీద ఉండాలనీ, తన గౌరవానికి భంగం కలిగేలా దాన్ని వక్రీకరించకూడదనీ రచయిత అడగగల నైతిక హక్కు సెక్షన్ 57లో ఉంది. వక్రీకరణను వారసులు గడువు తీరాక కూడా ప్రశ్నించేలా 2012లో సవరించారు. అనువాదకుడు కూడా చట్టం ముందు రచయితే. దువ్వూరి పద్యం కింద “ఉమర్ ఖయ్యాం” అని ఒక్క పేరే వేసి పంపితే డబ్బు ఎవరికీ బాకీ పడకపోవచ్చు. కానీ పారసీ నేర్చుకుని ఆ పద్యాన్ని తెలుగులో నిలబెట్టిన మనిషి పేరు చెరిపేసినట్టే. ఆన్‌లైన్‌లో పాత కవిత్వానికి జరుగుతున్న అన్యాయాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.

7: వారసులు దొరకకపోతే

అనుమతి అడుగుదామంటే అడగడానికి మనిషి ఉండాలి. కవిగారి పిల్లలు ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు సిడ్నీలో ఉండొచ్చు. పుస్తకం వేసిన సంస్థ మూతపడి ఉండొచ్చు. చట్టం రెండు దారులు చూపింది. సెక్షన్ 32 ప్రకారం పుస్తకం తొలిసారి వచ్చిన 7 ఏళ్ల తర్వాత, ఆ భాషలోకి అనువాదం రాకపోతే, లేదా వచ్చి ప్రతులు దొరకకుండా పోతే, దాన్ని అనువదించి ప్రచురించడానికి లైసెన్సు కోరవచ్చు. ముందు హక్కుదారును అడిగి కాదనిపించుకోవాలి, లేదా వెతికినా దొరకలేదని చూపించాలి. సెక్షన్ 31ఎ అయితే రచయిత పోయి, లేదా ఆచూకీ లేక, జనానికి అందకుండా ఉండిపోయిన రచనల కోసం. దానికి దరఖాస్తు చేసేముందు ఒక ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన వేయాలి. అనువాదం కోసమైతే ఆ భాషా పత్రికలోనూ వేయాలి. రాయల్టీ కూడా కట్టాలి. పుస్తకం తలపెట్టినవాళ్లకు సరిపోయే దారే ఇది. ఒక్క పద్యం పెట్టుకుందామనుకున్నవాళ్లకు ప్రకటన ఖర్చే తలకు మించిన భారం.

61: మీ వంతు

అడగాల్సినవాటి జాబితా ఎంత పొడుగున్నా, అడగక్కర్లేనివి అంతకు ఎన్నో రెట్లు. నన్నయ నుంచి గురజాడ దాకా, ‘గాథాసప్తశతి’ హాలుడి నుంచి గాలిబ్ దాకా మూలాలన్నీ మనవే. వాటిని మీరే అనువదిస్తే ఆ అనువాదం మీద హక్కు రాసిన క్షణం నుంచే మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించుకుంటే ఫీజు 500 రూపాయలు. హక్కులు ఎవరికైనా బదిలీ చేస్తే రాతపూర్వకంగా ఉండాలి. కాగితంలో గడువు రాయకపోతే 5 ఏళ్లకని, ప్రాంతం రాయకపోతే భారత్ వరకేనని సెక్షన్ 19 అర్థం చెబుతుంది.

పోస్టు కింద నాలుగు వివరాలు చాలు. మూలకవి పేరు, అనువాదకుడి పేరు, ఏ పుస్తకం ఏ ముద్రణ నుంచి తీసుకున్నారు, మధ్యలో ఇంకో భాషా పాఠం ఉంటే అదెవరిది. అనుమతి తీసుకుంటే ఆ మాట కూడా. మీ సొంత అనువాదమైతే ఐదో వాక్యం రాయండి, ఎవరైనా వాడుకోవచ్చో, అడిగి వాడుకోవాలో. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు పెట్టొచ్చు. హక్కు పూర్తిగా వదులుకుంటున్నానని బహిరంగ ప్రకటన ఇవ్వడానికి సెక్షన్ 21 కూడా ఒప్పుకుంటుంది. ఆ ఒక్క వాక్యం రాయకపోతే మీ తర్వాత ఆ కవితను ఇష్టపడి పదిమందికి పంచాలనుకున్న వాళ్లు 60 ఏళ్ల పాటు మీ మనవళ్ల ఫోన్ నంబర్లు వెతుక్కుంటూ తిరగాలి.